వగరు చచ్చిన చెక్క

అక్క రాసిన కార్డు అందకపోతే ఆ జనవరి చలిలో నేను కనిగిరి వైపు కదిలేవాణ్ణే కాదు. ముళ్ళపందులు మామిడి మొక్కల చెక్కంతా, అదే మొదలు చుట్టూ ఉండే బెరడంతా, కొరికేస్తున్నాయట. బావ పోయేముందు నాటిన తోట అది. ఈ ఏడు కూడా ఇలాగే పాడైతే అంతా పీకేసి పొగాకు వేస్తానని ఆమె మరిది తెగేసి చెప్పాడట.

గుంటూరులో ఆరింటికి ప్యాసింజరెక్కితే ఒంగోలు చేరేసరికి పదకొండున్నర. స్టేషను బయట చల్లారిన పూరీలు తిని ఒంటిగంట బస్సులో ఇరుక్కున్నాను. దుమ్ము, కుదుపులు, ఒళ్ళు హూనం. అటు వెళ్ళేవాళ్ళు ముందు సీటు పట్టుకోండి. వెనకైతే నడుం మీది కాదు.

పక్క సీటులో మస్తాన్ గారనే పెద్దాయన. తోళ్ళు పదును చేసేవాళ్ళకు తంగేడు చెక్క కొని పంపుతారు. నా గోడు విని, "ఎరువేస్తారాండీ?" అని అడిగారు.

"మా అక్క బిడ్డల్లా సాకుతుందండీ. తెలగపిండి వేస్తుంది, కుండలతో నీళ్ళు మోస్తుంది."

ఆయన మొహం చిట్లించి, "ఆ చెక్కేదో చూడాలి, నేనూ మీతో దిగుతాను పదండి" అన్నారు.

నాలుగున్నరకి తోట చేరాం. అక్కా, మరిదీ అక్కడే ఉన్నారు. బావి దగ్గరి మూడు వరసలూ మొదట్లో చుట్టూ తెల్లగా ఒలిచి ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది. అక్క కుండ మోయలేక వదిలేసిన నాలుగో వరస మాత్రం గిడసబారినా, ఒక్క పంటిగాటుతో సరి. మస్తాన్ గారు రెండు రకాల చెక్కా గోటితో గీరి నమిలారు. సరుకు కొనేటప్పుడూ అంతేనట.

"ఈ నీళ్ళు లేని వరసది వగరుకి నోరు పట్టేస్తోందమ్మా. మీరు మేపినవాటిలో వగరు చచ్చింది. నీటివార పెరిగిన తంగేడూ ఇంతే, వగరు లేనిది తోలుకి పనికిరాదని నేను కొనను. ముళ్ళపందికీ ఆ తేడా తెలుసు."

మరిది నాలుగో వరస చివరిదాకా చూసొచ్చి, "ఈ వరస ఉంచుకో వదినా. మిగతావి పీకిస్తాను" అన్నాడు. అక్క తలూపింది, ఏడవలేదు.

మర్నాడు పొద్దున ఏడింటి బస్సుకి నన్ను సాగనంపుతూ అక్క రోడ్డు మీద ఆగిపోయింది.

"ఒరేయ్, మీ బావకీ ఇట్లాగే పెట్టానురా. చక్కెర జబ్బని డాక్టరు వద్దన్నా, ఆయన మొహం చూడలేక అరిసెలు పెట్టేదాన్ని."

"ఊరుకో అక్కా" అన్నాను. బస్సొచ్చింది. ఒంగోలు దాకా నిలబడే వచ్చాను.

రైల్లో ఎదుటాయన, "ఎక్కణ్ణుంచండీ?" అన్నాడు.

"మా అక్కను చూసొస్తున్నానండీ."

"బాగున్నారా?"

"ఒక వరస దక్కిందండీ" అన్నాను.