పాత్రకు పోసిన ప్రాణం

కొబ్బరినూనెతో మేకప్ తుడిచిన వాసన తగిలితే నా గుండె ఇప్పటికీ ఝల్లుమంటుంది.

నాచారంలో ఉండేవాళ్లం. నేను రెండో తరగతి. ఉప్పల్‌లో అక్క వేసిన నాటకం గురించి పేపర్లో రాశారు. నాన్న పొంగిపోతూ గట్టిగా చదివాడు: "ఈ యువనటి తన పాత్రకు ప్రాణం పోసింది."

పాత్ర అంటే గిన్నె అని బడిలో టీచర్ ముందురోజే చెప్పింది.

అక్క వైపు చూశాను. చెవుల వెనక ఇంకా రంగుతో, కొబ్బరినూనె వాసనతో చాపమీద కదలకుండా పడుకుని ఉంది. పిలిచినా పలకలేదు. ప్రాణమంతా గిన్నెలో పోసేస్తే ఒంట్లో ఏం మిగిలినట్టు?

వంటింట్లోకి పరుగెత్తాను. అమ్మ నిండు గిన్నె ఒకటి మోరీలో వంచబోతోంది.

"పారబోయకమ్మా! అక్క సచ్చిపోతది!"

"ఏందే గట్ల ఒర్లుతున్నవ్? బియ్యం కడిగిన నీళ్లే!"

నా కేకకు అక్క లేచొచ్చింది. సంగతి విని పడీ పడీ నవ్వింది. ఆమె ముక్కు కింద వేలు పెట్టి, వెచ్చటి ఊపిరి తగిలేదాకా నేను ఏడుపు ఆపలేదు.

అక్క ఇప్పటికీ నాటకాలాడుతుంది. పేపర్లు అదే మాట రాస్తాయి. చప్పట్లు ఆగాక తెర వెనక చేతులు వేలాడేసి కూర్చుంటుంది. నేను నీళ్ల గ్లాసు అందించి, ఆమె మళ్లీ నిండేదాకా పక్కనే కూర్చుంటాను.