వెనక డబ్బాలోంచి మా వదినను తీసుకొచ్చిన భాయ్

మా గల్లీ స్పీకర్ల భాయ్ పోయాడన్న కబురు తెల్లవారుజామున మసీదు మైకులో చెప్పారు. ఆ మైకు ఎంత గరగరలాడిందంటే, ఎవరు పోయారో మాకు రెండోసారి చెబితే గానీ తెలియలేదు. పాల క్యాను పట్టుకుని నిలబడి, "గీ గరగర భాయ్‌కి చెప్పి తీపియ్యాలె" అనుకున్నాను. అంతలోనే విషయం అర్థమైంది. క్యాను కింద పెట్టేశాను.

పురానాపూల్‌లో మా పాల దుకాణానికి ఎదురుగానే ఆయన దుకాణం. స్పీకర్లు అమ్మేవాడు, బాగు చేసేవాడు. కానీ ఆయనకు ప్రాణమైన పని వేరే ఉండేది. ఆరు స్పీకర్ డబ్బాల కోసం చేసిన పాటల సీడీని కంప్యూటర్లోకి ఎక్కించి, రెండు డబ్బాలే ఉన్న ఇళ్లలో అన్ని గొంతులూ సరిగ్గా వినపడేలా కుదించి, ఆయన మాటల్లో 'మడిచి', ఇచ్చేవాడు. ఆ పని చేసేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. ఛాయ్ పెడితే పాట అయిపోయేదాకా ముట్టడు. అందుకే ఆయన జన్మలో వేడి ఛాయ్ తాగలేదు. "భాయ్, నీకు ఛాయ్ ఎందుకు, షర్బత్ తెప్పిస్త" అని నేను ఏడిపించేవాణ్ని. "పాట నడిమిట్ల లేస్తే పాడేటోళ్లకు బేఇజ్జతి అన్నా" అనేవాడు.

ఆ పని మా ఇంటి దాకా ఎలా వచ్చిందో చెబుతాను.

మా ఆవిడకు ఒక అక్క ఉంది. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు అమ్ముతుంది. ఒకరోజు సీడీ పట్టుకుని వచ్చింది. "మర్దీ, గీ భజనల నేను గూడ పాడిన. ఎనుక కోరస్‌ల" అంది. మా ఇంట్లో పెన్ డ్రైవు పెట్టే పెట్టె మాత్రమే ఉంది. చార్మినార్ దగ్గర ఒకాయన సీడీని పెన్ డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. పెట్టి చూస్తే డోలక్ ఉంది, తాళాలు ఉన్నాయి. వదిన లేదు. అసలు ముందు పాడే ఆమే లేదు!

ఇంటి ముందు గదే మా పాల దుకాణం, నిండా గిరాకీలు. నా నాలుక ఊరుకుంటుందా?

"వదినా, నువ్వు పాడలే. పాడేటోళ్లకు ఛాయ్ అందించి ఉంటవ్" అన్నాను.

గల్లీ అంతా నవ్వింది. వదిన నవ్వలేదు. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. దసరాకు రాలేదు, దీపావళికి రాలేదు. మా ఆవిడ నాకు ఒకటే మాట చెప్పింది: "మా అక్క అబద్దం ఆడదు. ఆమె గీ గడపల కాలు పెట్టెదాంక నీ అన్నం నువ్వే వండుకో."

నేను వండిన అన్నం బర్రెకు పెడితే అదీ మొహం తిప్పుకుంది. సీడీ పట్టుకుని భాయ్ దగ్గరికి పరుగెత్తాను.

ఆయన నన్ను ఆరు డబ్బాల నడుమ స్టూలు మీద కూర్చోబెట్టాడు. పాట మొదలైంది. అప్పుడు ఒక్కో డబ్బా కట్టేస్తూ వచ్చాడు. చివరికి వెనక ఎడమ పక్కది ఒక్కటే మిగిలింది. అందులోంచి, చేమంతి బేరమాడే గొంతు!

"గీమెనేనా?"

"గీమెనే భాయ్! గల్లీ చివర్ల నిలబడితే గూడ ఇనబడే గొంతు ఇన్నొద్దులు యాడ దాక్కుంది?"

"దాక్కోలే అన్నా. నీ పెన్ డ్రైవుల ముంగట రెండు డబ్బాలే ఎక్కినయ్. మిగిలినోళ్లని రోడ్డు మీదనే ఇడిసిపెట్టిండ్రు."

"మరి అందరిని ఎక్కియ్యి."

"ఆరుగురు ఒక్క ఆటోల ఎక్కుతే ఎట్లుంటది? అందరు జర జర ఒదిగి కూసోవాలె. లేకుంటే ఆటో పగుల్తది."

అందరి గొంతులూ కొంచెం కొంచెం తగ్గించాడు. ముందు పాడే ఆమెను రెండు పక్కలా సమానంగా పంచాడు. ఎడమ పక్క వెనక వాళ్లను ఎడమ డబ్బాలోకి, కుడి పక్క వాళ్లను కుడి డబ్బాలోకి కలిపాడు. నేను విజయం సాధించినవాడిలా ఇంటికొచ్చి పాట పెట్టాను.

వంటింట్లోంచి మా ఆవిడ కేక: "అదో! మా అక్క!"

దుకాణంలోంచి నేను: "యాడ? ఇంకా ఛాయే అందిస్తున్నట్టుంది!"

"చెవుల పేడ పెట్టుకున్నవా?"

"నీకు అక్క మీద ప్రేమ, అందుకే ఇనొస్తుంది!"

గోడకు అటూ ఇటూ మధ్యాహ్నం దాకా లొల్లి. చివరికి మా ఆవిడే వెళ్లి భాయ్‌ను తీసుకొచ్చింది. ఆయన నడి గడపలో నిలబడ్డాడు. ఎడమ డబ్బా వంటింట్లో పోపుల డబ్బా పక్కన ఉంది. ఇంకోటి దుకాణంలో పాల గిన్నెల మీద మేకుకు వేలాడుతోంది. కొన్నవి రెండు, ఉన్నది ఇద్దరం, చెరొకటి పంచుకున్నాం. ఇందులో తప్పేముంది?

భాయ్ గడప మీదే కూలబడి నవ్వాడు. టోపీ తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"అన్నా, ఎడమ చెప్పు వంటింట్ల, కుడి చెప్పు దుకాణంల పెట్టి, నడుస్తలేదంటే ఎట్ల?"

రెండూ ఒక్కచోట పెట్టమన్నాడు. నాది నేను ఇవ్వనన్నాను. తనది తాను ఇవ్వనంది. మా ఇద్దరినీ చూసి తల పట్టుకున్నాడు.

"మీ ఇద్దరిని ఒక్క దిక్కు తెచ్చుడు నాతోని కాదు భాభీ. పాటనే తెస్త."

మళ్లీ కూర్చుని, ఆరుగురినీ కలిపి రెండు డబ్బాలలోనూ ఒకేలా వినపడేట్టు చేశాడు. వదినకు కబురు పంపాం. వచ్చింది. వంటింట్లో విన్నది, దుకాణంలోకి వచ్చి విన్నది, పాలకొచ్చిన వాళ్లందరినీ ఆపి వినిపించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మర్దీ, ఛాయ్ అందియ్యి."

అందించాను. ఆ పూట నాకూ అన్నం దొరికింది.

భాయ్ పోయిన నలభయ్యో రోజున వదిన గుడిమల్కాపూర్ నుంచి పూల చాదర్ తెచ్చింది. తానే అల్లింది. మగవాళ్లం తీసుకెళ్లి సమాధి మీద కప్పి వచ్చాం. ఫాతెహా ప్రార్థన అయ్యాక భాయ్ కొడుకు దుకాణం తెరిచాడు. వదిన లోపలికి వెళ్లింది.

"బిడ్డా, మీ అబ్బా ఆరు డబ్బాలల్ల నన్ను ఒక్కపారి ఇనిపియ్యి. చెల్లె ఇంట్లనే ఇన్న గానీ, గిట్ల ఎప్పుడు ఇనలే."

అతను, భాయ్ మడవని అసలు పాట పెట్టాడు. వదిన వెనక ఎడమ డబ్బా పక్కన స్టూలు వేసుకుంది. పాట నడుస్తోంది. ఒకచోట తాళాలు ఆగాయి, పాడేవాళ్లంతా ఊపిరి తీసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో వెనక ఎడమ నుంచి ఒక్క గొంతు ముందే ఎత్తుకుంది. అర చరణం ఒంటరిగా పాడేసింది! మా ఇంటి పాటలో ఇది లేనేలేదు.

"అయ్యో! నేనే ముందుగాల ఎత్తుకున్ననా?" వదిన నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

భాయ్ కొడుకు తల దించుకుని చిన్నగా నవ్వాడు. "మీ చెల్లె ఇంటి పాటల అబ్బా గక్కడ ఒక్కతాన మీ గొంతు దించిండమ్మా. ఎందుకని అడిగితే, 'దావత్‌కు పిలిచినంక మనిషి చిరిగిన అంగీ సూస్తరా?' అన్నడు."

నా నాలుక మళ్లీ ఊరుకోలేదు. "వదినా, నీకు పాటల గూడ తొందరే."

"ఊకో మర్దీ" అంది. నవ్వుతోంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "బిడ్డా, గక్కడికే మళ్ల పెట్టు."

పెట్టాడు. వదిన డబ్బా మీద అరచెయ్యి ఆనించింది. తాళాలు ఆగాయి. డబ్బాలోని వదిన ఎప్పటిలాగే ముందు ఎత్తుకుంది. స్టూలు మీది వదిన పెదవులు బిగబట్టి ఆగింది. మిగతావాళ్లు వచ్చేదాకా ఆగి, వాళ్లతో కలిసి మెల్లగా అందుకుంది.