సంతకం పెట్టొద్దన్న పోస్టర్

మేముండే దేశంలో, మనురేవా అనే పేటలో మాకు చిన్న డెయిరీ ఉంది, అంటే మన కిరాణా కొట్టు లాంటిదే. ఈ మధ్యాహ్నం ఇక్కడి స్థానిక కౌన్సిల్ సభ్యుడొకాయన పోస్టర్ పట్టుకొచ్చాడు. దొంగతనాలకు శిక్షలు తగ్గించాలా అని దేశమంతా ఓటు పెట్టించడానికి కొందరు సంతకాలు సేకరిస్తున్నారట. కౌన్సిల్ దానికి వ్యతిరేకం. "సంతకం పెట్టొద్దు" అన్న ఆ పోస్టర్‌ని షాపు అద్దానికి అంటించమన్నాడు. ఈ ఏడాది దొంగలు మా షాపు రెండుసార్లు పగలగొట్టారు. మారుమాట్లాడకుండా టేపు తీశాను.

అంటిస్తుంటే, ఎప్పుడూ మా షాపుకే వచ్చే మెరే ఆంటీ బ్రెడ్డు కోసం వచ్చింది. ఆ రెండిట్లో ఒక కేసులో జైల్లో ఉన్నది వాళ్ళబ్బాయే. ఆవిడ పోస్టర్ మొత్తం నిలబడి చదివింది.

"ఇకనుంచి వేరే షాపుకి వెళ్ళమంటావా?" అని మెల్లగా అడిగింది.

"అదేంటాంటీ, ఎప్పట్లాగే ఇక్కడికే రండి."

"వాడు బయటికొచ్చాక వాణ్ణి కూడా రానిస్తావా?"

నేను టేపు పక్కన పెట్టి, కౌంటర్ వెనక్కి వెళ్ళి బ్రెడ్డు తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ డబ్బులిచ్చి, బ్రెడ్డు తీసుకుని వెళ్ళిపోయింది.

పోస్టర్ ఒక పక్కే అంటింది. పీకెయ్యడానికీ, రెండో పక్క అంటించడానికీ కూడా మనసు రాలేదు. శిక్షల సంగతిలో కౌన్సిల్‌కీ, సంతకాల వాళ్ళకీ ఎవరి జవాబు వాళ్ళకి తెలుసు. ఆవిడ అడిగినదానికి జవాబు కౌంటర్ వెనక నిలబడ్డ నాకే తెలియలేదు. మీరైతే ఆవిడకి ఏం చెప్పేవారు?