అన్న చేతికిచ్చిన కొత్త కారు

స్టేషను ముందున్న టాక్సీ స్టాండులో ఆయన్ని అందరూ గుర్రం అనేవారు. ముప్ఫయ్యేళ్లు స్టీరింగు పట్టినా వేగం మీద మోజు తీరని మనిషి. పాత కారు ఇంజను చేతులెత్తేశాక కొత్తది కొనక తప్పలేదు. కొత్త కార్లన్నిటికీ వేగాన్ని పట్టి ఉంచే యంత్రం ఉండి తీరాలని అప్పటికే చట్టం వచ్చింది. పక్కన బోర్డు మీద యాభై అని ఉంటే కారే దాన్ని చదువుకుంటుంది. ఆ పైన ఎంత తొక్కినా కీచుమంటుందే తప్ప వేగం పెంచదు.

"గుర్రానికి కళ్లెం పడిందిరోయ్!" అన్నారు స్టాండులో.

"పక్కన అత్తగారిని కూర్చోబెట్టుకున్నట్టుందయ్యా," అన్నాడు గుర్రం.

"అత్తగారే నయం, మధ్యలో కునుకైనా తీస్తుంది," అన్నాడు ప్రతిదానికీ వాదన పెట్టుకుని లాయరని పేరు తెచ్చుకున్న డ్రైవరు. "నిన్న పెద్దరోడ్డు మీద పోతుంటే పక్క సందులో బోర్డు చూసి నలభైకి పడిపోయింది. వెనక లారీ! నా ప్రాణం పోతే ఎవడిది పూచీ?"

స్టాండు మొత్తానికి ఒకే ఒక్క ఆడ డ్రైవరు, అందరికీ అక్క, అద్దం తుడుస్తూ వింటోంది. "మీకేం, మగాళ్లు. నా బండెక్కినవాళ్లు రైలు పోతుందని మెడ మీద ఊపిరి వదులుతూ 'తొక్కమ్మా, తొక్కు' అనేవాళ్లు. వద్దంటే వినేవాళ్లు కాదు. ఇప్పుడు 'బండి పోదండీ' అంటే నోరు మూసుకుంటున్నారు. నా మాటకు లేని విలువ దాని కీచుకుంది."

గుర్రం లేచి వెళ్లిపోయాడు. ఆయన బాధ వేరు.

ఆయనకు డ్రైవింగ్ నేర్పింది అన్న. రిజర్వాయరు గట్టు వెంట గీత గీసినట్టుండే రోడ్డు ఒకటుంది. పాతికేళ్ల వయసులో అన్న ఆ రోడ్డు మీద నూట ఇరవైలో బండి పోనిస్తూ, కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టి, గాలికి ఎదురుగా ఏవేవో కేకలు పెట్టేవాడు. తర్వాత పాతికేళ్ల పైన బస్సు నడిపాడు. నీటికాసుల జబ్బు రెండు కళ్లూ తీసుకుపోయి ఇప్పటికి ఐదేళ్లు.

ఆ ఆదివారం కొత్త కారు చూపించడానికి గుర్రం అన్న ఇంటికి వెళ్లాడు. చూపించడమంటే, అన్న చేత్తో తడిమి చూడటం. బానెట్టు, అద్దాలు, తలుపుల అంచులు అన్నీ తడిమాడు.

"ఒరేయ్, గట్టు రోడ్డుకి పోదాం. ఒక్కసారి నూట ఇరవై పోనియ్యి."

కాదనలేకపోయాడు. కిటికీలన్నీ దించాడు. అరవై దగ్గర బండి బిగుసుకుంది. ఎంత నొక్కినా ముల్లు కదలలేదు.

"ఎంతలో ఉన్నాం?" అన్నాడు అన్న.

"నూట ఇరవై."

"అన్నతోనా నీ అబద్ధాలు? ఇంజను గొంతు నాకు తెలీదా? అరవై." నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "పోనీలే. పెడలు కాలికి తగిలి ఐదేళ్లయిందిరా. నిద్రలో మంచం కోడు తొక్కుతున్నానట. మీ వదిన చెప్పింది."

గుర్రం గట్టు రోడ్డు వదిలేశాడు. బండి తిప్పాడు. మూతపడ్డ బట్టల మిల్లు వెనక గోదాముల కోసం చదును చేసిన మైదానమంత జాగా ఉంది. వాచ్‌మన్ తెలిసినవాడే. విషయం విని తల గోక్కుని గేటు తీశాడు.

ఎంత వేగం దాటకూడదో మనమే పెట్టుకునే మీట కూడా ఆ యంత్రానికి ఉంది. గుర్రం దాన్ని ముప్ఫైకి పెట్టాడు. అంతకంటే తగ్గదు. అన్నను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్కన తను హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"తిన్నగా పోనియ్యి. ఇప్పుడు కుడికి... ఇంకొంచెం... చాలు."

మొదటి చుట్టులో అన్న స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు, రెండో చుట్టుకి పట్టు సడలించాడు. మూడో చుట్టులో మోచెయ్యి కిటికీలోంచి బయటికి వచ్చింది.

"ఇంతేనా? తొక్కుతున్నాన్రా!"

"నేలకంటా తొక్కన్నా. ఏం భయం లేదు. అది పోదు."

అన్న నిజంగానే నేలకంటా తొక్కి, ఖాళీ జాగా అంతా వినబడేలా కేకపెట్టాడు. వాచ్‌మన్ చేతిలో బీడీ జారిపోయింది. ఏడో చుట్టు అయ్యాక తనే కాలు తీసి బండి ఆపాడు. స్టీరింగు మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఆ చలికాలమంతా ఆదివారాలు అక్కడే గడిచాయి. తర్వాత మిల్లు స్థలం ఎవరో కొన్నారు, రేకులతో కంచె వేశారు, వాచ్‌మనూ మారిపోయాడు.

స్టాండులో లాయరు చట్టానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరిస్తూ కాగితం తెచ్చాడు. గట్టు రోడ్డు మీద నూట ఇరవై గుర్రానికి ఇప్పటికీ కావాలి, ప్రాణం లాగేంతగా కావాలి. పెన్ను తీసుకున్నాడు, మళ్లీ ఇచ్చేశాడు.

"అక్క పార్టీలో చేరిపోయావా?"

"ఎవరి పార్టీ కాదయ్యా. నన్నొదిలెయ్యి."

బేరం మీద ఏ పేటకు వెళ్లినా, పెద్ద ఖాళీ జాగా కనబడితే ఆయన బండి నెమ్మది చేస్తాడు. గేటుకు తాళముందా, కాపలా ఎవరు, నేల చదునుగా ఉందా అని చూసుకుంటాడు. వెనక సీట్లో వాళ్లు ఎందుకు నెమ్మది చేశావంటే, ఏం లేదండీ అని ముందుకు పోనిస్తాడు.