మా బాపు రెండుసార్లు రిటైరయ్యాడు

ఇంట్లో కెమెరా ఉన్నవాడికి కాలనీలో ఒక హోదా ఉండే కాలం అది. సెల్‌ఫోన్లు అప్పటికే వచ్చాయి గానీ వాటిలో మాట్లాడుకోవడమే తప్ప మరో ముచ్చట లేదు. ఫోటో కావాలంటే మనం స్టూడియోకి పోవాలి, లేదంటే స్టూడియో మన దగ్గరికి రావాలి. అలాంటి కాలంలో, డిగ్రీ అయిపోయి ఏ పనీ లేకుండా నస్పూర్ కాలనీలో తిరుగుతున్న నాకు, దుబాయిలో ఉండే మా బావ ఒక డిజిటల్ కెమెరా పంపించాడు. అప్పుడే కొత్తగా విడుదలైన మోడల్. సబ్బుపెట్టె అంత సైజు, వెండిరంగు, మెడలో వేసుకోవడానికి నల్లటి తాడు. ఆ తాడును స్నానానికి పోయేటప్పుడు తప్ప మెడలోంచి తీసేవాణ్ని కాదు (ఒకసారి అదీ మరిచిపోయి చెంబుతో నీళ్లు ముంచేదాకా వచ్చాను). ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ కెమెరా సంగతే అయినా, అసలు తప్పు మాత్రం నాది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. మధ్యమధ్యలో నన్ను కాస్త తిట్టుకుంటే నాకూ తేలికవుతుంది.

మా బాపు (మా ఊళ్లలో నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం) బొగ్గుబాయిలో పనిచేసేవాడు. నేను పుట్టకముందు నుంచీ అదే పని. ఆ ఎండాకాలం, మే నెలాఖరున ఆయన రిటైర్మెంటు. మా వైపు బొగ్గుబాయి మనిషి రిటైరవడం అంటే ఆఫీసులో శాలువా కప్పి పంపించినట్టు కాదు. ఆఖరి షిఫ్టు చేసి పైకి రాగానే, ఒంటిమీది మసి కడుక్కోకముందే, తోటివాళ్లు దండలు వేస్తారు, గులాలు చల్లుతారు, జీపు ఎక్కించి డప్పులతో ఇంటిదాకా ఊరేగిస్తారు. ఇన్నేళ్లు భూమిలోపలికి పోయిన మనిషి ప్రాణంతో పైకి వచ్చాడు, ఇక మళ్లీ లోపలికి పోడు. ఆ సంతోషం అంతా ఆ ఒక్క పూటే. పెళ్లి ఫోటో లేని ఇళ్లు మా కాలనీలో కొన్ని ఉండేవి గానీ ఈ ఫోటో లేని ఇల్లు ఉండేది కాదు. తలమీద టోపీ, టోపీకి బత్తి లైటు, మొహమంతా మసి, మెడనిండా బంతిపూలు. మా అవ్వ ఆ ఫోటో కోసం నెల ముందే ముందర అర్రలో గోడకు మేకు కొట్టించింది.

ఫోటోలు తీయడానికి అవ్వ మంచిర్యాల స్టూడియో మామను మాట్లాడి పెట్టింది. (ఆయన మాకు చుట్టమేమీ కాదు. మా కాలనీ పెళ్లిళ్లన్నీ ఆయనే తీశాడు కాబట్టి అందరికీ మామ అయ్యాడు.) నాకు అది అవమానంగా తోచింది. కెమెరా ఉన్న కొడుకు ఇంట్లో ఉండగా బయటివాడెందుకు? బస్సెక్కి పోయి ఆయనతోనే చెప్పాను.

"మామా, నువ్వు రాకు. నా తాన డిజిటల్ ఉన్నది. నీ రీళ్ల జమాన అయిపోయింది."

ఆయన అతికిస్తున్న పెళ్లి ఆల్బమ్ పక్కన పెట్టి, "మంచిగనే ఉంటది కొడుకా, నేనొద్దంటలేను. కాని మీ బాపుది ఒక్కటే దినం గదా. నన్ను గూడ రానియ్యి, ఇద్దరం తీద్దాం" అన్నాడు.

"ఏమొద్దు మామా. ఉత్తగ వచ్చి అన్నం తినిపో" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత టెక్కు ఉందో తలుచుకుంటే, ఇప్పుడు ఈ కాగితం మీద రాస్తూ కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఎండలు ముదిరేకొద్దీ కెమెరా వేషాలు మొదలుపెట్టింది. మొదట దాని పాలబడింది మా ఎదురింటి పెద్దమ్మ. ఫోటో తీసి, కెమెరాకు తీగ తగిలించి టీవీలో చూపించాను. పెద్దమ్మ నిలువెల్లా ఊదారంగులో ఉంది. మొహం మీద అడ్డంగా గీతలు.

"గిదేందిరా కొడుకా, నన్ను నేరేడుపండు లెక్క చేసినవు?" అంది.

"కెమెరా మంచిగనే ఉన్నది పెద్దమ్మా. మీ గోడకేసిన సున్నంల నీలిమందు ఎక్కువైంది. గా రంగు నీ మొహం మీద పడ్డది" అన్నాను. అంత అబద్ధం అంత వేగంగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. పాపం, పెద్దమ్మ నమ్మింది. ఆ వచ్చే సెలవు రోజు పెద్దనాయనను నిచ్చెన ఎక్కించి, మండే ఎండలో గోడంతా తెల్లటి సున్నం వేయించింది. తర్వాత మళ్లీ వచ్చి ఫోటో దిగింది. మళ్లీ నేరేడుపండే. ఈసారి తప్పును ఆమె చీర మీదికి తోశాను. అప్పటికి ఆమె కూడా కొంచెం అనుమానంగానే చూసింది.

ఒక వస్తువులో లోపం ఉంటే దాన్ని తయారుచేసినవాడు దాచిపెడతాడని అందరూ అంటారు. నాకు తెలిసినంతవరకు, దాన్ని మెడలో వేసుకుని తిరిగినవాడు అంతకంటే ఎక్కువ కష్టపడి దాచిపెడతాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే దుబాయి నుంచి బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, గా కెమెరా మంచిగ నడుస్తుందా? నా రూముల ఒకాయనది గదే మోడలు, ఖరాబైంది. వేడికి, ఉక్కకు లోపల ఏదో ఊడుతదట. ఫోటోలన్ని ఊదరంగొస్తయట. తయారుచేసిన కాడనే తప్పు జరిగిందట. కంపెనోళ్లే వాపస్ తీస్కోని, పైస తీస్కోకుంట ముఫత్ల బాగుచేసిస్తుండ్రు. మనూరాయన ఒకాయన సెలవు మీద ఇంటికొచ్చిండు, మళ్ల గిటే దుబాయి వస్తుండు. ఆయన చేతిల పంపియ్యి."

నా ఎదురుగా టీవీలో పెద్దమ్మ ఇంకా ఊదారంగులో మెరుస్తూనే ఉంది. "మనదాంట్ల అసొంటిదేం లేదు బావా. మస్తు నడుస్తుంది. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాను.

ఎందుకన్నానంటే, కెమెరా పంపితే బాపు రిటైర్మెంటు నాటికి తిరిగి రాదు. అప్పుడు నేను మళ్లీ మంచిర్యాల బస్సెక్కి, స్టూడియో మెట్లెక్కి, "మామా, నువ్వే రావాలె" అనాలి. అంతే. అంత చిన్న మాట. ఆ మాట అనడం ఇష్టం లేక బాపు జీవితంలో మళ్లీ రాని ఒక రోజును పణంగా పెట్టాను.

పైగా నాకు ఒక ఉపాయం తట్టింది. పొద్దున్నే చల్లటి వేళ తీస్తే రంగులు మామూలుగానే వస్తున్నాయని కనిపెట్టాను. అంటే దీనికి కావలసింది చల్లదనమే! దాంతో మధ్యాహ్నాలు కెమెరాను స్టూలు మీద కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కూలర్‌ను దానివైపు తిప్పేవాణ్ని. (కూలర్ గాలిలో నీటి చెమ్మ ఉంటుందనీ, దాని ప్రాణం తీసేది ఆ చెమ్మేననీ చాలా రోజులకు తెలిసింది. నేను చేసిన సేవ అలాంటిది.) బాపు షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి గచ్చు మీద పడుకుంటే చెమటలు కారిపోయేవి.

"కూలర్ గటెందుకు తిప్పినవురా?" అన్నాడొక రోజు.

"బ్యాటరీ వేడెక్కింది బాపూ."

ఆయన కెమెరా వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత తువ్వాలతో విసురుకుంటూ అటు తిరిగి పడుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. మొదటి షిఫ్టు వదిలే వేళకు బాయి దగ్గర వందమంది దాకా చేరారు. ఎండకు నేల కాలుతోంది. స్టూడియో మామ కూడా వచ్చాడు, నేను చెప్పినట్టే ఉత్త చేతులతో. ఇస్త్రీ అంగీ వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక మూల నిలబడ్డాడు. బాపు బయటికి వచ్చాడు. మసి పట్టిన మొహంలో కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆయన అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. మొదటి రెండు ఫోటోలు బాగానే వచ్చాయి, అవి కూడా బాపువి కావు, డప్పులవాళ్లవి. మూడోది ఊదారంగు. నాలుగోది గీతలు. ఐదో దాని నుంచి తెర మీద ఉత్త నలుపు.

మరి నేనేం చేశానంటారా? తీస్తూనే ఉన్నాను. ఫ్లాష్ మాత్రం వెలుగుతోంది కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియదు. "జర నవ్వుండ్రి! జర దగ్గరికి జరుగుండ్రి!" అని అరిచాను. మేనేజర్ సారు దండ వేస్తే, ఈసారైనా పడుతుందేమోనన్న ఆశతో, "సార్, కండ్లు మూసిండ్రు, ఇంకోపారి" అన్నాను. ఆయన దండ తీసి మళ్లీ వేశాడు. మళ్లీ నలుపే. "సార్, దండ జర వంకరగున్నది." మూడోసారి కూడా వేశాడు పాపం, ఆ ఎండలో. బాపు మూడుసార్లూ తల వంచాడు.

ఎప్పుడు వచ్చాడో, స్టూడియో మామ నా వెనక నిలబడి ఉన్నాడు. తెర చూశాడు. నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా, "కొడుకా, బండి మీద పోయి నా కెమెరా పట్టుకొస్త. జర సేపు వీళ్లను గిట్ల ఆపు" అన్నాడు.

ఆ క్షణంలో అవునంటే అంతా సరిపోయేది. బాపు ఒంటిమీద మసి ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏమొద్దు మామా. మంచిగనే వస్తున్నయి" అన్నాను.

ఆయన వెనక్కి పోయి అదే మూలలో నిలబడ్డాడు. నేను జీపు వెంట పరుగెత్తుతూ ఇంటిదాకా ఫ్లాష్ వెలిగిస్తూనే ఉన్నాను. ఇంటిముందు అవ్వ హారతి ఇస్తుంటే కూడా వెలిగించాను. అవ్వ కొంగు సర్దుకుని కెమెరా వైపు చూసి నవ్వింది.

తర్వాతి నెల అంతా అబద్ధాల మీద అబద్ధాలు. కరెంటు లేదు, ఫోటోల ల్యాబులో మిషన్ ఆగిపోయింది, చివరికి "ల్యాబోడు ఫోటోలున్న కార్డు ఖరాబు చేసిండు" అన్నాను. అవ్వ ఆ లేని ల్యాబువాణ్ని ఏడు తరాలదాకా తిట్టింది. స్టూడియో మామకు కూడా అదే కథ చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను పక్కనే తల వంచుకుని ఉన్నాను. ఆయన నావైపు చూడను కూడా చూడకుండా, "పోనీ తియ్యి చెల్లే, మళ్ల తీద్దాం. నేను తీస్త" అన్నాడు.

బాపు అసలు ఒప్పుకోలేదు. "ఒక్కపారి రిటైరయిన మనిషిని మళ్ల రిటైరు చేస్తరా? కాలనీ అంత నవ్వుతది."

"నవ్వనియ్యి. గా మేకు దిక్కు చూస్తే నాకు అన్నం పోతలేదు" అంది అవ్వ.

అలా మా క్వార్టరు ముందే బాపు రెండో రిటైర్మెంటు జరిగింది. ఆయన టోపీ ఎప్పుడో అప్పజెప్పేశాడు కాబట్టి, రెండో షిఫ్టుకు బయలుదేరుతున్న ఎదురింటి పెద్దనాయన టోపీ అడిగాం. బత్తి ఎవరిదైనా సరే బాయి దాటి బయటికి రాదు. అందుకని మా ఇంట్లో టార్చిలైటునే రబ్బరుతో టోపీకి కట్టాం. మసి కోసం అవ్వ పొయ్యి దగ్గరి బొగ్గు నూరి బాపు మొహానికి పూసింది. పూస్తూ ఆమెకు నవ్వు ఆగలేదు, ఆయనకు తుమ్ములు ఆగలేదు. బంతిపూలకు ఇంకా కాలం కాలేదని దొరికిన పూలేవో గుచ్చాం. మేనేజర్ సారు స్థానంలో పెద్దమ్మ తమ్ముడు అంగీ లోపలికి దోపుకుని నిలబడ్డాడు. నా పని ఎండ పడకుండా దుప్పటి పట్టుకోవడం. పెద్దనాయన టోపీ లేని ఉత్త తలతో రోడ్డు వైపు చూస్తూ, "జల్ది తియ్యుండ్రి, నా బస్సు పోతది!" అని ఒకటే గోల.

దారిన పోయేవాడొకడు సైకిల్ ఆపి, "ఏం కాకా, మళ్ల డ్యూటీ ఎక్కినవా?" అన్నాడు.

"ఓవర్‌టైమురా. మా పిలగాని కోసం" అన్నాడు బాపు.

అందరూ ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను, దుప్పటి చాటున.

ఆ ఫోటోనే మా గోడకెక్కింది. ఇంటికి వచ్చిన పాత బాయి మనుషులు ఒక నిమిషం చూసి, "గది టార్చిలైటా కాకా?" అంటారు. పనిలో చెమటతో పట్టిన మసి వేరు, అవ్వ పూసిన మసి వేరు. వాళ్ల కళ్లు దాన్ని ఇట్టే పట్టేస్తాయి. బాపు కూడా వాళ్లతో కలిసి నవ్వి, ల్యాబువాడు కార్డు ఖరాబు చేసిన కథ చెప్తాడు. ప్రతిసారీ నేను మంచినీళ్లు తెస్తానని లోపలికి పోతాను.

అలా లోపలికి పోవడంలోనే ఏళ్లు గడిచిపోయాయి. నేను ఉద్యోగం దొరికి కరీంనగర్ చేరాను. జుట్టు సగం నెరిసింది. మొన్నొక ఆదివారం నస్పూర్ పోతే, వచ్చినవాళ్లెవరికో బాపు మళ్లీ అదే కథ చెప్తున్నాడు. ఈసారి ఎందుకో నేను లేవలేదు. వాళ్లు వెళ్లిపోయాక, ఆయన పక్కన కూర్చుని, నేల చూస్తూ చెప్పేశాను.

"బాపూ, గా ల్యాబోడెవ్వడు లేడు. కెమెరా ఖరాబున్నదని నాకు నెల ముందే ఎర్క. బావ ఫోన్ చేసి చెప్పిండు. నేనే దాచిపెట్టిన."

బాపు కళ్లద్దాలు తీసి తువ్వాలతో తుడుచుకున్నాడు.

"ఎర్కనే. నువ్వేం ఖరాబు లేదన్నవని మీ బావ గప్పుడే నాకు గూడ ఫోన్ చేసి చెప్పిండు."

నేను తలెత్తి ఆయన మొహంలోకి చూశాను. ఆ కూలర్ లేని మధ్యాహ్నాలు, మేనేజర్ ముందు మూడుసార్లు వంగిన తల, అన్నీ తెలిసే!

"మరి నన్నెందుకు అడగలే బాపూ?"

"అడిగితే ఏమున్నది? నీ అంతట నువ్వు చెప్తవని చూసిన."

"ఎన్ని దినాలు చూసినవు?"

ఆయన కొంచెం ఆలోచించాడు. నిజంగానే లెక్క చూసుకుంటున్నట్టు.

"ఇయ్యాల్టిదాంక" అన్నాడు.

అని, కళ్లద్దాలు పెట్టుకుని, అవ్వను చాయ్ పెట్టమని కేకేశాడు. ఇద్దరికీ అని కూడా చెప్పాడు. నేను కూతురు ఇంజనీరింగ్ చదువుతున్న మనిషిని, పదిమందికి పని చెప్పే ఉద్యోగిని. చిన్నపిల్లవాడిలా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాను. కాసేపటికి నాకే నవ్వొచ్చింది, సిగ్గు మాత్రం పోలేదు. మెడలో నల్లతాడు వేసుకుని ఆ జీపు వెనక పరుగెత్తిన పిల్లవాడు ఇప్పుడు నాకు ఎదురుపడితే కొట్టాలనిపించదు. ఆ ఫ్లాష్ ఆపి, పోయి మీ బాపుకు చెప్పిరా, ఏమీ అనడు, అని చెప్పాలనిపిస్తుంది.