బావిని వెతికిన మధ్యాహ్నాలు

ఏడో తరగతిలో నేను బడి మానేశాక కూడా మా పంతులుగారు కొన్నాళ్లు నాకు హాజరు వేస్తూనే ఉన్నారట. ఉన్నప్పుడూ లేనట్టే ఉండేవాణ్ణి గనుక ఆయనకు తేడా తెలియలేదు. అంతటి చదువరిని పట్టుకుని మొన్న పావగడ నుంచి హొసకోటకు పోయే బస్సులో పక్క సీటాయన ఒక సందేహం అడిగాడు. ముందురోజు ఇంట్లో భార్యతో మోకాళ్ల నూనె మాట అనుకున్నాడట, తెల్లారి ఫోను తెరిస్తే ఆ నూనె ప్రకటనే ఎదురుగా ఉందట. ఫోను నా ముఖం ముందు పెట్టి, “దీని లోపల ఎవురన్నా కూచోని వింటాండారంటావాప్పా?” అన్నాడు. ఉంటే అంతసేపు కూచున్నందుకు వాడికీ మోకాళ్లు పట్టేసి ఉంటాయని నేను అలవాటు కొద్దీ నవ్వించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ ఆ ప్రశ్న ఊరు వచ్చేదాకా నన్ను వదల్లేదు. ఎందుకంటే, ఒకప్పుడు కొన్నాళ్లు ఆ లోపల కూర్చుని విన్నవాణ్ణి నేనే.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా ఊరు బలసముద్రం చుట్టూ వేరుసెనగ చేలు పోయి సోలార్ ప్యానెళ్లు వచ్చిన కాలం. భూమి గుత్తకిచ్చిన వాళ్లమే ఆ భూమిలో కూలికి పోయేవాళ్లం. ఆడవాళ్లు ప్యానెళ్ల కింద గడ్డి కోసేవారు, నేను ప్యానెళ్లు కడిగే నీళ్ల ట్యాంకరు తోలేవాణ్ణి. కూలి పోయినా, పంట పోయినా మనుషులు సర్దుకున్నారు గానీ ఒక్క విషయంలో సర్దుకోలేకపోయారు. మావాళ్లు చనిపోయినవారిని సొంత చేలోనే పూడ్చిపెట్టేవారు, ఏటా పెద్దల అమాసకు ఆ మట్టి మీదే ఇంత అన్నం పెట్టి వచ్చేవారు. చేలన్నీ మట్టం చేశాక గట్టు లేదు, గుర్తురాయి లేదు, చెట్టు లేదు. ఎవరి పెద్దలు ఏ వరుస కింద ఉన్నారో తెలియక చాలా ఇళ్లవాళ్లు కంచె బయటే ఆకు వేసి, లోపలి వైపు దండం పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేవారు.

ఆ రోజుల్లోనే హొసకోటలో ఫోన్ల అంగడి పెట్టిన మా చిన్నాయన కొడుకు నాకు కొత్త వ్యాపారం ఒకటి చెప్పాడు. ఎవరిదో సరుకుకు మనం ప్రకటన రాస్తాం, జనం ఫోనులో వెతికే మాటల్ని బట్టి ప్రకటనల కంపెనీ దాన్ని చూపిస్తుంది, దాని మీద వేలు పెట్టినప్పుడల్లా కంపెనీకి మనం డబ్బు కట్టాలి, వేలు పెట్టినవాడు సరుకు కొంటే అమ్మినవాళ్లు మనకు వాటా ఇస్తారు, కొనకపోతే మన చేతిది పోయినట్టే. అంటే గొర్రెను పిసికి చూసి కొనకుండా పోయినవాడికి కూడా మనమే టీ తాపించాలన్నమాట అని నేను అర్థం చేసుకున్నాను, అంతకంటే బాగా ఇప్పటికీ ఎవరూ నాకు చెప్పలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది అసలు చిక్కు. రాష్ట్రమంతా చూపిద్దాం, పది రకాల సరుకులు పెడదాం, ఏదో ఒకటి తగులుతుందని వాడి పద్ధతి. నాకు మా నాయన గొర్రెల సంత గుర్తొచ్చింది. ఆయన ఎన్నడూ కేకేసి పిలిచినవాడు కాదు. ఎవడు గొర్రె నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడో కనిపెట్టి, మెల్లగా పోయి వాడి పక్కన నిలబడేవాడు. నేనూ అట్లాగే ఒకే సరుకు, ఒకే చోటు, మన మాటలు అనుకుని, బలసముద్రం నడుమ పెట్టి ఫోను పటంలో చుట్టూ చిన్న గిరి గీసి, ఆ గిరిలోని ఫోన్లకే కనబడేటట్టు బావులకు పెట్టే నీళ్ల మోటారుకు ప్రకటన రాశాను. ‘బావి’ అన్న మాట ఎవరు ఏ రకంగా అడిగినా నా మోటారు బొమ్మ అన్నిటికంటే పైన కనిపించేటట్టు వదులుగా పెట్టాను. అంతా అయ్యాక మా చిన్నాయన కొడుకు నా ముఖంలోకి చూసి, “అన్నా, ఉండే బావులన్నీ పూడిస్తిరి. ఇంగ మోటార్లు యాడ పెట్టుకుంటారన్నా, నెత్తిన పెట్టుకుంటారా?” అన్నాడు. నిజంగానే నాకు తట్టలేదు. కళ్లు మూసుకుంటే నాకు మా ఊరు ఇంకా బావులతోనే కనబడేది.

కానీ వేళ్లు పడ్డాయి. అదే విచిత్రం. రోజూ మిట్ట మధ్యాహ్నం, కూలీలు అన్నం తిని ప్యానెళ్ల నీడన పడుకునే వేళకే ఎవరో నా ప్రకటన మీద వేలు పెట్టేవారు, ఎవరూ మోటారు కొనేవారు కాదు. ఏ మాట అడిగితే మన ప్రకటన కనిపించిందో కంపెనీ చూపిస్తుందని తెలిసి, ఒకరోజు అంగట్లో కూర్చుని తెరిపించాను. మోటారు మాట ఒక్కటీ లేదు. ‘మా బావి యాడుండాది’ అని ఉంది. దాని కింద, ‘పూడ్చిన బావి యాడుండాది’. ఆ కింది వరుస చదివి నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ‘బావి పక్కన పండుకున్న మనిషి యాడుండాడు’.

చేత్తో కొట్టిన మాటలు కావవి, నోటితో చెప్పినవి. మనం మాట్లాడే పలుకు ఉన్నదున్నట్టు దిగింది. గిరిలో ఇళ్లకంటే ప్యానెళ్లే ఎక్కువ. ఆ వేళప్పుడు అక్కడ నిలబడి చూసినవాళ్లకు తెలుస్తుంది, ఎటు తిరిగినా ఒకటే వరుస, ఒకటే నీడ, మనిషిని పిలిస్తే పిలుపు వేరే వరుసలోంచి తిరిగి వస్తుంది, నీళ్లనుకుని దిగిన కొంగలు గాజు మీద కాలు పెట్టి మళ్లీ లేస్తాయి, ఎక్కడో కరెంటు పెట్టెలు ఆగకుండా గొణుగుతుంటాయి. పండుకున్నవాడి కోసం వెతికేది ఎవరు? లేక, పండుకున్నవాడే తన చోటు అడుగుతున్నాడా? దయ్యాలకు కూడా ఫోన్లు అమ్ముతున్నావేమిరా అని మా చిన్నాయన కొడుకును ఎగతాళి చేస్తూనే ఆ వరుసలు మళ్లీ మొదటినుంచి చదివాను.

అలాంటి మాటలను వద్దని కంపెనీకి చెప్పవచ్చు, అప్పుడు వాటికి మన ప్రకటన కనబడదు, డబ్బు మిగులుతుంది, కొత్తవాళ్లు ముందు నేర్చుకోవలసింది అదేనని వాడు చెప్పాడు. మాటలు గుర్తుపెట్టి ఇచ్చాడు, నేను నొక్కడమే మిగిలింది. నొక్కలేకపోయాను. నేను నొక్కితే ఆ అడగడం ఆగదు, నాకు వినబడటం ఆగిపోతుంది. అడిగేవాళ్లు ఆ ఎండలో, ఆ వరుసల మధ్య, ఎవరికీ తెలియకుండా అడుగుతూనే ఉంటారు.

మర్నాడు ట్యాంకరు నీడలో ఆపి, కూలీలు పడుకున్నాక వరుసల్లోకి నడిచాను. చాలా దూరం పోయాక ఒక గొంతు వినబడింది, గుసగుసగా, ఎవరినో బతిమాలుతున్నట్టు. అది ఆగగానే ఇంకొక గొంతు, ఏ ఊరిదీ కాని ఆడగొంతు, ‘మీరు అడిగినదానికి ఇవి దొరికాయి’ అంది. వంగి చూస్తే ప్యానెళ్ల కింద, కొడవలి పక్కన పెట్టుకుని, ఫోనును నేలకు ఆనించి మా మేనత్త కూర్చుని ఉంది.

ఆమె మొగుణ్ణి, మా మామను, వాళ్ల బావి గట్టున పూడ్చిపెట్టినప్పుడు నేనూ ఒక చెయ్యి వేసినవాణ్ణే, చేలు మట్టం చేశాక ఆ చోటు నాకూ ఆనవాలు దొరకలేదు. అమాస దగ్గరికొచ్చింది. కంచె కాడ పెడితే చాలులే అని కొడుకులు అన్నారట, సోలార్ ఆఫీసులో అడిగితే నవ్వారట, చదువు రాదు గనుక ఫోనుతో మాట్లాడి, పైన ఏ బొమ్మ కనబడితే దాని మీద వేలు పెట్టేదట. “కంచె కాడ పెడితే ఎవురు తింటారో ఏమో అల్లుడా, ఆయప్ప మొగమాటం మనిషి, నలుగురిలో చెయ్యి చాపడు” అంది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. రోజూ ఒక వరుస చొప్పున వెతుకుతోందట. వరుసలన్నీ ఒకటే అయ్యేసరికి వెతికినవే మళ్లీ వెతుకుతోంది.

అప్పుడు నాకు మేం కడిగేటప్పుడు విడ్డూరంగా చెప్పుకునే ఒక చోటు తట్టింది. అత్తవాళ్ల చేను ఉండిన దిక్కున ఎక్కడ కడిగినా నీళ్లు ప్యానెళ్ల కింద మడుగు కడతాయి, ఆ ఒక్కచోట మాత్రం గుటక గుటకగా లోపలికి పోతాయి. అక్కడ ఎవడో దప్పికగొన్నవాడున్నాడని నవ్వుకుంటూనే త్వరగా కడిగి వచ్చేసేవాళ్లం. ట్యాంకరు అక్కడికి తీసుకుపోయి నీళ్లు వదిలాను. నేల తాగింది. పూడ్చిన బావి తప్ప ఇంకేదీ అట్లా తాగదు, ఆ దిక్కున ఉండిన బావి అత్తవాళ్లదొక్కటే. అత్త మోకాళ్ల మీద కూర్చుని ఆ చప్పుడు ఆగేదాకా విన్నది, తర్వాత మామను పెట్టిన తూర్పు పక్కకు జరిగి, రెండు అరచేతులూ మట్టి మీద ఆనించి, చీర కొంగు సర్దుకుంది. అమాసకు ఆకు అక్కడే వేసింది.

తర్వాత నేను వేరే సరుకులు పెట్టాను, కొన్ని నిలబడ్డాయి. చిన్న గిరి, మన మాటలు అన్న మొదటి పద్ధతి మాత్రం మార్చలేదు. ఇప్పుడు ఫోనులు మనం అడగకముందే చెప్పేస్తున్నాయి. అడగడం అనే పని మన నోటికి తప్పిపోయింది, వినడం మన చెవికి తప్పిపోయింది, ఒకే గడప మీద కూర్చున్న ఇద్దరం చెరో వెలుగులోకి చూసుకుంటూ పొద్దు పుచ్చుతున్నాం. ఆ అమాస అయ్యాక నేను మా అత్తను ఆట పట్టించాను, నువ్వు బొమ్మ నొక్కినప్పుడల్లా నా దుడ్లు పోయినాయి, ఆ ఫోనేమన్నా చెప్తుందని దాన్నెందుకు అడిగితివి అని. గడ్డిమోపు నెత్తికెత్తుకుంటూ ఆమె వెనక్కి తిరగకుండానే అంది:

“దానికేం తెల్దు అల్లుడా, మోటారు కొనుక్కోమన్న్యాది. అయినా పలికింది కదా. అన్నీ తెలిసినోళ్లు ఇంటి నిండా ఉండిరి, ఒగరన్నా పలికితిరా?”