మాయీ పేరున్న మట్టినల్లి

కన్నడ తీరాన కుమటా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వృంద, పోకతోటలో కుళ్లిన ఆకుల కింద కొత్త మట్టినల్లిని కనిపెట్టి దానికి అత్తగారి పేరు పెట్టింది. గసగసాల గింజలో సగం కూడా లేని ప్రాణి. తోట అత్తగారిది, మట్టి అత్తగారిది, ఆ మట్టిని వంటింటి గట్టు మీద ఆరబోసినందుకు తిట్లూ అత్తగారివే. కాబట్టి పేరూ ఆవిడదే కావడం న్యాయమనుకుంది.

వృంద మాయీ అని పిలిచే ఆ అత్తగారు, రుక్మిణీబాయి, మొదట భగ్గుమంది. "నల్లికి నా పేరా? నా మీద నీకింత కోపముందని తెలీదే!" వారం తిరక్కుండా మఠంలో సంతర్పణకెళ్లినా, గుమ్మంలోకి చేపలమ్మే ఆవిడ వచ్చినా గొప్పగా అదే ముచ్చట. మనవడి పెళ్లిచూపుల్లోనూ నల్లి సంగతెత్తింది. సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదన్నారు.

ఇంతలో తంటా వచ్చిపడింది. నల్లుల్లో జాతిని తేల్చేది ఒంటిమీది వెంట్రుకలే. వృంద నల్లికి వీపు మీద ఒక జత తక్కువ, కొత్త జాతి అనడానికి అదొక్కటే ఆధారం. జావా నుంచి పాత నమూనాలు తెప్పించి చూస్తే, ఆ జత రాలిపోయే రకమని తేలింది. జావాలో, మలయాలో, సింహళంలో ఎప్పటినుంచో ఉన్న నల్లే ఇదీ. అక్కడివాళ్లు ముందు పెట్టిన పేరే చెల్లుతుంది.

జాతి పోయిందని వృంద బాధపడలేదు. మాయీకి ఎలా చెప్పాలా అనే ఆమె బెంగంతా. చివరికి అత్తగారు పత్రోడె కోసం చేమాకులకు పిండి రాస్తుండగా పక్కన చేరింది.

"మాయీ, ఆ నల్లికి ఇక మీ పేరుండదు. జావాలో ఎప్పుడో వేరే పేరు పెట్టేశారట."

"ముందు పెట్టిందే ఖాయమా? తర్వాత ఎవరు మార్చినా చెల్లదా?"

"చెల్లదు మాయీ. అదే నియమం."

రుక్మిణీబాయి ఆకు చుట్టి పక్కన పెట్టింది.

"పెళ్లిలో పళ్లెంలో బియ్యం పోసి, మీ మామగారు ఉంగరంతో రుక్మిణి అని రాశారు. మా అత్తగారు ఎంచిన పేరు. నన్నెవరడిగారు? అప్పటిదాకా నేను ముక్తను."

ఆ పేరు ఆ ఇంట్లో వృంద ఎన్నడూ వినలేదు. తన పెళ్లిలో పేరు మార్చే ఆ బియ్యప్పళ్లెం వద్దన్నది ఈవిడే. ఉంగరం ఖర్చుకు వెనకాడిందనుకుంది ఇన్నాళ్లూ. సిగ్గేసింది.

"ఆ పేరుతో నన్నొకసారి పిలువు."

"అత్తగారిని పేరు పెట్టా?"

"నల్లికి పెట్టేటప్పుడు లేని మొహమాటం ఇప్పుడొచ్చిందా?"

"ముక్తా," అంది వృంద.

"ఆఁ," అని పలికి, ఆవిడ ఇంకో ఆకు అందుకుంది.